బరువు మీదే బిగించాలి

ఆ వీధిలో బండ్ల కిందిపని చూసే షెడ్డు ఒక్కటే ఉంది. కిందిపని అంటే షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు, రబ్బరు బుష్‌లు, లింకులు. బండి గతుకులో పడినప్పుడు మన నడుముని కాపాడే సరంజామా అంతా అన్నమాట. ఆ షెడ్డు నడిపేది ఒక ఆడమనిషి. పెళ్ళయి ఈ ఊరు వచ్చేనాటికే ఆమె చేతికి స్పానరు అలవాటు. పదకొండేళ్ళుగా ఎవరి బండి కటకటలాడినా, బ్రేకు వెయ్యగానే ముక్కు నేలకి వంచినా, ‘కోడలి షెడ్డుకి తీసుకుపోండి’ అనడం అందరికీ పరిపాటి అయిపోయింది. ఎవరి కోడలు అంటే పెద్ద డ్రైవరుగారి కోడలు.

చిక్కంతా ఆ పెద్ద డ్రైవరుగారితోనే వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు తోలి, బస్సుకి ఒక్క గీత పడకుండా రిటైరైన మనిషి ఆయన. ఆయనకో పాత ఎస్‌యూవీ ఉంది. దాని వయసు ఇరవై ఒకటి. ఎత్తుగా, బరువుగా, దున్నపోతులా ఉంటుంది. ఇంట్లో ఇంత పేరున్న మెకానిక్ ఉండగా ఆ బండి మాత్రం ఏనాడూ కోడలి షెడ్డు గడప తొక్కలేదు. ఏ చిన్న పని వచ్చినా ఊరి చివర ఉన్న ఓ ముసలి ఫిట్టరు దగ్గరికే పోయేది. పోతే పోయింది, వేరే వీధిలోంచి పోవచ్చుగా! ఊహూఁ, సరిగ్గా షెడ్డు ముందునుంచే, నింపాదిగా, పెళ్ళివారి బండిలా పోయేది.

పక్కనే టైర్ల కొట్టు బాబాయికి అదొక పండగ.

“ఏమ్మా కోడలా, మామగారి బండి మళ్ళీ మనకి టాటా చెప్పి పోయిందే!”

“మీ టైర్లు చూసుకోండి బాబాయ్, గాలి దిగిపోతోంది” అనేసి ఆమె బండి కిందికి దూరిపోయేది. దూరాక మాత్రం కళ్ళు చెమర్చేవి. ఒక్క బాబాయి అయితే ఫరవాలేదు. బండి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా తాళాలు చేతిలో పెట్టబోతూ ఆగి, “మీ మామగారు మీ చేత చేయించుకోరటగా, ఎందుకనీ?” అని అడిగేవారు. దానికేం చెబుతుంది? తనకి తెలిస్తేగా! ఒకసారి తెగించి ఆయన్నే అడిగింది.

“ఇంటిమనిషి చెయ్యకూడదు” అన్నాడాయన.

“ఎందుకు చెయ్యకూడదు మామయ్యగారూ?”

“చెయ్యకూడదంటే చెయ్యకూడదంతే.”

ఆమె భర్త బళ్ళో లెక్కల మాస్టారు. ఎంత జటిలమైన లెక్కయినా విప్పేస్తాడు గానీ ఈ లెక్క దగ్గరికొచ్చేసరికి, “మీ ఇద్దరి మధ్యకీ నన్ను లాగకండి బాబూ” అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. అలా పదకొండేళ్ళు గడిచాయి. ఆమె షెడ్డులో ఎన్ని వందల బండ్లు బాగుపడ్డా, ఆ ఒక్క బండి గుమ్మం ముందునుంచి పోయిన ప్రతిసారీ ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది.

ఈ ఏడు రెండు సంగతులు జరిగాయి. ముసలి ఫిట్టరు దుకాణం మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన నెలకి అత్తగారు మెట్లమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. బాగానే జరిగింది. గురువారం పొద్దున ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. కానీ దారిలో తొమ్మిది కిలోమీటర్లు రోడ్డనే పేరే గానీ అంతా గతుకులే. కుదుపు తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంబులెన్సు మాట్లాడతామంటే అత్తగారు ఒంటికాలి మీద లేచింది. విరిగిన కాలు పక్కనపెడితే మిగిలింది ఒంటికాలే కదా!

“అందులో పైకప్పు చూస్తూ వచ్చింది చాలు. మళ్ళీ ఎక్కను. మన బండిలోనే వస్తాను. మీరు తోలండి, నేను వెనక పడుకుంటాను.”

మన బండి సంగతి చూస్తే పడవలా ఊగుతోంది. గతుకులో పడితే ఒకసారి కాదు, నాలుగుసార్లు లేచి పడుతోంది. షాక్‌ల నుంచి నూనె కారి చక్రాల లోపలివైపు నల్లగా పేరుకుపోయింది. కాబట్టి సోమవారం పొద్దున ఆ బండి, పదకొండేళ్ళలో మొదటిసారి, కోడలి షెడ్డు ముందు ఆగింది. టైర్ల బాబాయి చేతిలోని టైరు వదిలేశాడు. అది దొర్లుకుంటూ రోడ్డెక్కింది.

పెద్ద డ్రైవరుగారు దిగి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. “వేరే దారి లేదు” అన్నాడు.

ఇస్తే ఇచ్చాడు గానీ ఆ మాట అనకపోతే ఏం పోయింది? ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పైకి, “బుధవారం మధ్యాహ్నానికి ఇస్తాను మామయ్యగారూ” అంది. మనసులో మాత్రం, ఈ బండి తోలాక ఈ మనిషి నోరు తెరిచి ‘బాగుంది’ అనకపోతే నేను స్పానరు ముట్టనని పంతం పట్టింది.

పని మొదలుపెట్టింది. పాత షాక్ ఒకటి ఊడదీసి చేత్తో నొక్కితే సైకిలు పంపులా సర్రున దిగిపోయింది, మళ్ళీ పైకి రాలేదు. వెనక ఇరుసుని బండికి పట్టి ఉంచే కడ్డీల్లాంటి లింకుల చివర ఉండే రబ్బరు బుష్‌లు ఎండిన పెదాల్లా పగిలిపోయాయి. ఒక బోల్టు తుప్పుపట్టి బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయింది. దానికి నూనె తాగించింది, బతిమాలింది, వేడిచేసింది, తిట్టింది. రెండున్నర గంటలు పట్టింది. మరొకరైతే గొట్టంతో సహా కోసిపారేసేవారు. ఆమె మాత్రం లింకుకి చిన్న గీత పడకుండా బోల్టుని బయటికి రప్పించి, బల్లమీద పెట్టి, “ఇప్పుడు చెప్పవే” అంది. కొత్త స్ప్రింగులు, కొత్త షాక్‌లు, కొత్త బుష్‌లు, ముందు చక్రాలు పక్కకి తిరిగేచోట ఉండే రెండు బాల్ జాయింట్లు, అన్నీ ఒక్కొక్కటే తుడిచి, కొలిచి, కూర్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అంత శుభ్రంగా చేసే చేతులు చుట్టుపక్కల లేవు.

బుధవారం మధ్యాహ్నం బండి ఇంకా లిఫ్టు మీద, తలెత్తు పైన, చక్రాలు కిందికి వేలాడుతూ ఉండగా పెద్ద డ్రైవరుగారు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చూస్తున్నాడంతే. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు వెనక నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకి. ‘చూడండి, బాగా చూడండి’ అనుకుంది. పెద్ద టార్క్ రెంచి తీసింది. అది సరిగ్గా ఎంత బిగించాలో అంత బిగియగానే ‘టక్’ మని చప్పుడు చేస్తుంది. వెనక లింకుల బోల్టులు ఎనిమిదీ వరసగా బిగించింది. టక్. టక్. టక్. ప్రతి టక్‌కీ ఆయనవైపు ఓరకంట చూసింది. బిగించిన ప్రతి బోల్టు తలమీదా పసుపురంగు చుక్క పెట్టింది. ఎనిమిదో చుక్క పెట్టేసరికి ఆమె తల ఆకాశాన్ని తాకింది.

బండి దిగింది. పెద్ద డ్రైవరుగారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు తీసి, మడిచేసిన సీట్ల మీద పరుపు పరిచాడు.

“ఎక్కు అమ్మాయ్.”

“నేనా? ఎందుకండీ?”

“డిపోలో మా పద్ధతి. కిందిపని చేసిన ఫిట్టరు మొదటి ట్రిప్పులో వెనక చక్రాలమీది సీట్లో కూర్చోవాలి. కాగితం మీద సంతకం ఎవడైనా గీకేస్తాడు. వెనక సీట్లో ఫిట్టరు నడుమే మాకు సంతకం. రేపు మీ అత్తయ్య పడుకునేది ఇక్కడే. నువ్వూ పడుకో.”

ఆమె పడుకుంది. బండి కదిలింది. గతుకుల రోడ్డుమీదికి తీసుకెళ్ళాడు. పెద్ద గుంట వచ్చింది. బండి ఒకసారి దిగి, ఒకసారి లేచి, నిలబడిపోయింది. అంతే. ఊగలేదు. మలుపులో వాలలేదు. బ్రేకు వేస్తే వంగలేదు. ముందు సీట్లోంచి “ఓహో” అని వినబడింది. ఇంకో గుంట, ఇంకో “ఓహో”. ఆ మనిషి నోటినుంచి ‘ఓహో’ రావడమా! ఆమె పరుపు మీద పడుకుని పైకప్పు చూస్తూ చిన్నపిల్లలా నవ్వుకుంది.

గతుకులు దాటాక చిన్న టీ దుకాణం ఉంది. పాత డ్రైవర్లంతా సాయంత్రాలు అక్కడే చేరతారు. పెద్ద డ్రైవరుగారు బండి ఆపి, దిగకముందే కిటికీలోంచి కేక పెట్టాడు.

“ఒరేయ్, ఇలా రండర్రా! బండి చూడండి! ఇరవై ఒక్కేళ్ళ బండి, కొత్త పెళ్ళికూతురులా నడుస్తోంది. ఎవరు చేశారనుకున్నారు? మా కోడలు! మా కోడలు చేసింది!”

పదకొండేళ్ళు ఏ మాట కోసం చెవులు రిక్కించి ఎదురుచూసిందో ఆ మాట. అదీ పదిమంది ఎదుట. ఆమె పరుపుమీద లేచి కూర్చుంది. కడుపు నిండాలి కదా? నిండలేదు. ఎందుకంటే దారంతా ఆమె నడుము ఇంకో మాట చెబుతూనే ఉంది. పెద్ద గుంటలు మెత్తగానే పోయాయి. చిన్న చిన్న గరుకులు మాత్రం, అసలు తెలియకూడనివి, వెన్నులో చిటుకు చిటుకుమని తగిలాయి. నవ్వుకుంటూ వచ్చింది కాబట్టి వినిపించుకోలేదు.

దిగి వెనక చక్రం దగ్గర కూర్చుంది. చక్రానికీ పైరేకుకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. బండి ఉండాల్సినదానికన్నా రెండు వేళ్ళు ఎక్కువ ఎత్తులో ఉంది.

పసుపు చుక్కలు కళ్ళముందు మెదిలాయి. ఎనిమిది బోల్టులు. బండి గాల్లో ఉండగా బిగించిన ఎనిమిది బోల్టులు! చక్రాలు వేలాడుతున్నప్పుడు లింకు కిందికి వాలి ఉంటుంది. అప్పుడు బోల్టు బిగిస్తే దాని చుట్టూ ఉన్న రబ్బరు ఆ వాలులోనే పట్టుకుపోతుంది. బండి నేలకి దిగి బరువు పడగానే లింకు పైకి లేస్తుంది, రబ్బరు మెలితిరిగి ఎదురు తన్నుతుంది. కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. అందుకే ముందు చేత్తో తిప్పి వదిలేసి, బండిని చక్రాలమీద నిలబెట్టాకే చివరి బిగింపు బిగించాలి. ఇది ఆమెకి తెలియదా? పనిలోకి వచ్చినవాళ్ళందరికీ మొదటిరోజే ఆమె చెప్పే పాఠం ఇదే! ఈ తప్పు చేసినవాళ్ళని నిలబెట్టి కడిగేసిన మనిషి. ఇవాళ మామగారికి టక్ టక్ వినిపించాలన్న సంబరంలో తనే చేసి కూర్చుంది.

ఎవరికీ తెలియదు. అది నిజం. ఆ డ్రైవర్లలో ఒక్కడూ కనిపెట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు తోలిన మనిషే కనిపెట్టలేదు. ముందు సీట్లో అది అంతగా తెలియదు మరి. వారం తర్వాత ‘ఒకసారి చూసుకోవాలి మామయ్యగారూ’ అని బండి తీసుకుని, గుట్టుగా సరిచేసేస్తే సరిపోతుంది. మాట దక్కుతుంది, పరువు దక్కుతుంది. కానీ రేపు పొద్దున ఆ పరుపుమీద అత్తగారు పడుకుంటుంది. ఆ చిటుకులన్నీ కుట్లేసిన తుంటిలోకి పోతాయి.

టీ దుకాణం ముందు పెద్ద డ్రైవరుగారు చేతులు తిప్పుతూ ఇంకా చెబుతూనే ఉన్నాడు. “మలుపులో చూడాలి మీరు, అసలు...”

“మామయ్యగారూ, ఆగండి” అంది ఆమె. “నేను తప్పు చేశాను.”

అందరూ తిరిగి చూశారు. ఆమె చెప్పింది. ఏం బిగించింది, ఎప్పుడు బిగించింది, ఎందుకు బిగించకూడదు, అంతా. “మీరు చూస్తున్నారని గొప్పకి పోయి చేశాను” అని కూడా చెప్పింది. ఆ ఒక్క ముక్క చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు.

పెద్ద డ్రైవరుగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమెని ఎగాదిగా చూశాడు.

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?”

“తెలిసేది కాదండి.”

“వీళ్ళకి?”

“వీళ్ళకీ తెలిసేది కాదు.”

“బండెక్కు.”

ఆమె వెనక పరుపుమీద ముడుచుకుని కూర్చుంది. పదకొండేళ్ళకి వచ్చిన మెచ్చుకోలు పావుగంట కూడా నిలవలేదే, చేజేతులా పోగొట్టుకున్నానే అని ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవలేదు. షెడ్డుకి రాగానే బండిని, చక్రాలు నేలమీదే ఉండగా కిందనుంచి పని చేసుకునే గొయ్యిమీదికి తెప్పించి, పసుపు చుక్కలు పెట్టిన బోల్టులన్నీ వదులు చేసింది. ఒక్కొక్కటి వదులైనప్పుడల్లా మెలితిరిగిన రబ్బరు ‘గిర్రు’మని సర్దుకుంది. బండి రెండు వేళ్ళు కిందికి దిగి కూర్చుంది.

“అమ్మాయ్” అన్నాడు పైనుంచి పెద్ద డ్రైవరుగారు. గొయ్యి అంచున గొంతుక్కూర్చున్నాడు. “డిపోలో ఇంకో రూలుండేది. డ్రైవరు బస్సుకి డ్రైవరు చుట్టం పని చెయ్యకూడదని. అది నేను పెట్టించిన రూలే.”

ఆమె చెయ్యి ఆగింది.

“నా బస్సుకి ఒకప్పుడు నా బావమరిదే ఫిట్టరు. బ్రేకు గొట్టం నట్టు సరిగ్గా పడలేదని వాడికి అనుమానం వచ్చింది. బావ దగ్గర చులకనైపోతానని నోరు మూసుకున్నాడు. దిగుడులో బ్రేకు పోయింది. ఇసక గుట్టకి ఎక్కించి ఆపాను. నలభైమంది ఉన్నారు బస్సులో. బస్సుకి గీతైనా పడలేదు, కండక్టరు పన్ను ఒకటి ఊడింది, అంతటితో పోయింది. వాడు నా కాళ్ళమీద పడి ఏడ్చాడు. వాడికి పని రాక కాదమ్మాయ్, చుట్టరికం వాడి నోరు కట్టేసింది. అప్పట్నుంచీ ఒట్టు పెట్టుకున్నాను. నీ పనంటే నాకెప్పుడూ భయం లేదు. నువ్వు నా కోడలివని భయం.”

“పదకొండేళ్ళు!” ఆమె గొయ్యిలోంచి గయ్‌మని లేచింది. కోపం, ఏడుపు కలిసి వచ్చేశాయి. “పదకొండేళ్ళు ఊరంతా నన్ను అడిగారు! ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?”

“ఎలా చెప్పను? వాడు మీ అత్తయ్య తమ్ముడు. ఆవిడకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. చెబితే పుట్టింటి పరువు ఏం కాను?” నీళ్ళు నమిలాడు. “నీ పరువు సంగతి ఆలోచించలేదు. అది నా తప్పు. ఇవాళ పదిమందిలో నువ్వు చెప్పావు చూడు, అది మా వాడు చెయ్యలేకపోయాడు. నేనైనా చేసేవాణ్ణో లేదో.”

ఆమె మొహం చేతిగుడ్డతో తుడుచుకుంటే మొహమంతా గ్రీజయింది.

“ఎక్కండి బండి” అంది చివరికి. “రేపు ఎంత బరువుంటుందో అంత బరువు పెట్టి బిగించాలి. డ్రైవరు సీట్లో మీరు.” అప్పుడే బడినుంచి వచ్చిన భర్తని చూసి, “మీరు వెనక పరుపు మీద పడుకోండి, అత్తయ్యలా” అంది.

“నన్ను మధ్యకి లాగకండని...”

“మధ్యలో కాదు, పక్కకి తిరిగి పడుకోండి. కదిలారో, రెంచి విసురుతాను.”

లెక్కల మాస్టారు బూట్లు విప్పి బుద్ధిగా పడుకున్నాడు. టైర్ల బాబాయి ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. అంత బరువు చక్రాలమీద పడ్డాక, గొయ్యిలో నిలబడి, ఆమె ఎనిమిది బోల్టులూ బిగించింది. ఈసారి ఎవరివైపూ చూడలేదు. పెద్ద డ్రైవరుగారే ప్రతి టక్‌కీ పైనుంచి లెక్కపెట్టాడు.

గురువారం ఆసుపత్రి దగ్గర మాత్రం ఆయన ఆమె పరువు పూర్తిగా తీసేశాడు. అత్తగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చిన నర్సుతో, “ఈ బండి కిందిపని మా కోడలు చేసిందమ్మా. మొదట తప్పు చేసింది. తనే చెప్పింది!” అన్నాడు. డాక్టరమ్మతో చెప్పాడు. గేటు కాపలావాడితో చెప్పాడు. పక్కన బండి పెట్టుకుంటున్న, ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని ఆపి మరీ చెప్పాడు. పతకం వచ్చిన పిల్లని చూపించినట్టు చూపిస్తున్నాడు. “ఎనిమిది బోల్టులు! గాల్లో ఉండగా బిగించింది! ఎవరికీ తెలియదు, తనే చెప్పింది!”

“మామయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ తప్పు సంగతి వదిలెయ్యండి. బండి బాగుందని చెప్పండి చాలు.”

“బండి బాగుందని ఎవడైనా చెబుతాడు. ఇది చెప్పడానికి నాకు కోడలుండొద్దూ?”

పరుపుమీద పడుకున్న అత్తగారికి తల తిరిగిపోయింది. “ఏంటండీ ఇది? కోడలి తప్పులు ఊరంతా చాటుతారా? పదకొండేళ్ళు దాని షెడ్డు లోపలికి పోలేదు, పోయిన మొదటిసారే తప్పు వెతికి పట్టుకొచ్చారా? ఆ పిల్ల ఎంత చిన్నబుచ్చుకుందో తెలుసా మీకు? నేను లేనప్పుడు ఇంట్లో ఇదా భాగోతం?” అని అందుకుంది. బండి కదిలింది. ఆవిడ ఆగలేదు. గతుకుల రోడ్డు మొదలైంది. ఆగలేదు. మొదటి పెద్ద గుంటలో దిగి లేచారు, ఆవిడ మాట మధ్యలో తెగలేదు. తొమ్మిది కిలోమీటర్లూ, పెళ్ళినాటినుంచి ఆయన చేసిన నిర్వాకాలన్నీ పేరుపేరునా ఏకరువు పెట్టింది. ఒక్కచోట ‘అమ్మా’ అనలేదు, ఒక్కచోట ఊపిరి బిగబట్టలేదు. కోడలు అత్తగారి కాలిమీద చెయ్యేసి కూర్చుని ఆ తిట్లన్నీ చెవులారా వింది. పెద్ద డ్రైవరుగారు అద్దంలోంచి కోడలివైపు చూసి, కళ్ళెగరేసి, బుద్ధిగా తిట్లు తింటూ తోలాడు.

ఆయన నోరు మాత్రం ఆ తర్వాత కూడా మూతపడలేదు. టీ దుకాణంలో, మందుల షాపులో, బస్టాండులో, ఎక్కడ పదిమంది కనబడితే అక్కడ అదే కథ. వారం తిరగకుండా ఒక పొద్దున ఎవరో పెద్దావిడ, పక్క ఊరినుంచి, ఊగిపోతున్న పాత బండి ఒకటి తోలుకుంటూ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. దిగి బోర్డు చదివి, లోపలికి తొంగి చూసింది.

“చేసిన తప్పు తనే చెప్పే మెకానిక్ ఇక్కడుందన్నారు. ఎవరండీ?”

టైర్ల బాబాయి ఏదో అనబోయాడు. అతని మాట పూర్తికాకముందే ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“నేనేనండీ” అంది, తలెత్తి. “బండి లోపలికి తీసుకురండి.”